చూడకుండా వదిలేసిన ఆ 950లో ఏముంది?

రనౌట్ అప్పీల్ వచ్చింది. థర్డ్ అంపైర్ ఒక్కో ఫ్రేమ్‌నీ ముందుకీ వెనక్కీ జరిపి చూస్తున్నాడు. బెయిల్స్ లేచిన క్షణానికి బ్యాట్ క్రీజు దాటిందా, లేదా? మనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటాం. ఇప్పుడు ఒక్కసారి ఊహించుకోండి. ‘ఫ్రేములు మరీ ఎక్కువున్నాయి, అంత టైమ్ లేదు’ అంటూ ఆయన ఇరవై ఫ్రేములకు ఒకటి చొప్పున చూసేసి నాటౌట్ ఇచ్చేస్తే? రిమోట్ విసిరి కొట్టేవాళ్లు ఉంటారు మన ఇళ్లలో!

మనం ఎక్కే బళ్లు, దాటే వంతెనలు డిజైన్ చేసే చోట మాత్రం ఇలా ఇరవైకి ఒకటి చూసి సరిపెట్టుకోవడం మామూలే. అది వాళ్ల బద్ధకం కాదు. చూడాల్సిన డేటా అంత పెద్దది. ఆ డేటాను వేగంగా చదివి, దాచకుండా మొత్తం చూపించే సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం.

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది కోడింగ్. ఉండేది హైదరాబాద్. పెళ్లిళ్లకు వెళ్తే ‘ఏ యాప్ చేస్తావమ్మా?’ అని అడుగుతారు చుట్టాలు. యాప్ కాదు, వెబ్‌సైటూ కాదు అంటే ‘అయ్యో పాపం’ అన్నట్టు చూస్తారు. నిజమే, మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కొద్దిమందే. కానీ వాళ్లు ‘ఓకే’ అన్న భాగాలు వేల బళ్లకు బిగించుకుని రోడ్డెక్కుతాయి.

ముక్కలు చేస్తేనే లెక్క

ఒక ఇనుప బ్రాకెట్ మీద బరువు పడితే దానిలో ఎక్కడ ఎంత ఒత్తిడి వస్తుంది? వంపులు, రంధ్రాలు ఉన్న ఆకారానికి ఒకే సూత్రంతో జవాబు రాదు. అందుకే కంప్యూటర్‌లో దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. ఆ ముక్కల వలను మెష్ అంటారు. ఒక్కో ముక్కకు లెక్క కట్టడం సులువు. పక్కపక్క ముక్కలు ఒకదాన్నొకటి ఎలా లాగుతున్నాయో, ఎలా నెడుతున్నాయో సమీకరణాలుగా రాసి అన్నీ కలిపి ఒకేసారి సాధిస్తారు. ఇదే ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్.

మెకానికల్, సివిల్ వాళ్లకు ఈ సబ్జెక్ట్‌లో జె.ఎన్. రెడ్డి పుస్తకం గుర్తుండే ఉంటుంది. నేను కూడా దాన్ని ఎవరో విదేశాల్లో పుట్టి పెరిగినాయన రాశారనుకుని చదివాను. జె.ఎన్. అంటే జునుతుల నరసింహారెడ్డి. పుట్టింది వరంగల్‌లో, ఇంజినీరింగ్ చదివింది ఉస్మానియాలో. అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. మెకానిక్స్ రంగంలో పెద్ద గౌరవమైన టిమోషెంకో మెడల్ 2019లో ఆయనకు దక్కింది.

సరే, ముక్కలు ఎంత చిన్నగా ఉండాలి? ఒత్తిడి గబుక్కున మారే మూలల్లో బాగా చిన్నగా ఉండాలి. లేకపోతే ఏమవుతుందో నార్వేలో చూశారు. 1991 ఆగస్టు 23న స్లైప్‌నర్ ఏ అనే సముద్రపు ప్లాట్‌ఫామ్ కోసం కట్టిన భారీ కాంక్రీట్ పునాదిని పరీక్ష కోసం నీళ్లలోకి మెల్లగా దించుతున్నారు. ఒక గోడ పగిలింది. పంపులు తోడేదానికంటే లోపలికి వచ్చే నీళ్లే ఎక్కువ. మొత్తం కట్టడం మునిగిపోయింది. మనుషులను ముందే దించేయడంతో ప్రాణాలు దక్కాయి. నష్టం మాత్రం దాదాపు 70 కోట్ల డాలర్లు.

విచారణలో ఏం తేలిందంటే, కీలకమైన చోట మెష్ సరిగ్గా లేక, అక్కడి షియర్ ఒత్తిడిని కంప్యూటర్ 47 శాతం తక్కువగా చూపించింది. ఆ అంకె నమ్మి గోడలు పల్చగా పోశారు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క కడితే 62 మీటర్ల లోతులో పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో తప్పు లేదు. దాన్ని వాడిన తీరులోనే ఉంది.

అందుకే ఇప్పుడు మెష్‌లు సన్నబడ్డాయి. మెష్ సన్నబడితే డేటా లావవుతుంది. మా కథ మొదలయ్యేది అక్కడే.

960 జీబీ

మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక సీనియర్ స్ట్రక్చరల్ ఇంజినీర్ ఉన్నారు. మేమంతా ‘సార్’ అనే పిలుస్తాం. ఆయన చూస్తున్న పని, ఎలక్ట్రిక్ బండి కింద బ్యాటరీని పట్టి ఉంచే బ్రాకెట్. బండి గుంతలో పడి లేచే రెండు సెకన్లను సిమ్యులేట్ చేశారు. ముక్కలు 2 కోట్లు. రెండు సెకన్లను 1000 స్టెప్పులుగా విడగొట్టారు. ఒక్కో ముక్కకు ఒక్కో స్టెప్పులో ఒత్తిడి ఎటు నుంచి ఎంతో చెప్పే 6 అంకెలు. ఒక్కో అంకెకు 8 బైట్లు. గుణించి చూడండి. ఒక్క స్టెప్పుకే 960 ఎంబీ. వెయ్యి స్టెప్పులకు 960 జీబీ!

పాత టూల్‌తో ఇదంతా చూడాలంటే రాత్రంతా పట్టేది. మధ్యలో ఏదైనా ఆగిపోతే మళ్లీ మొదటికి. డెడ్‌లైన్లు ఉంటాయి కదా. అందుకని సార్ కూడా అందరిలాగే ఇరవై స్టెప్పులకు ఒకటి తీసుకుని, 50 స్టెప్పులు చూసి రిపోర్ట్ రాసేవారు. మిగతా 950 డిస్క్‌లో అలాగే పడి ఉండేవి.

ఒకరోజు అడిగాను, “మిగతావి చూడకపోతే ఫర్వాలేదా సార్?” అని.

“ఫర్వాలేదనే అనుకుంటున్నానమ్మా. చూసే వీలుంటే అనుకోవాల్సిన పని ఉండదు” అన్నారు.

ఆ మాట విన్నాక నాకు మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. బస్సు బయల్దేరే ముందు చిన్న సుత్తితో చక్రాల నట్లు ఒక్కొక్కటీ కొట్టి చూసేవాడు. బిగుతుగా ఉన్న నట్టు ‘టంగ్’మంటుంది. వదులైంది ‘టప్’మంటుంది. చిన్నప్పుడు సెలవుల్లో నాన్నతో డిపోకి వెళ్లి, “అన్నీ ఎందుకు నాన్నా, మూడింటికొకటి కొడితే చాలదా?” అని అడిగాను. “వదులయ్యే నట్టు నీకు చెప్పి వదులవుతుందా తల్లీ?” అని నవ్వాడు.

సార్‌కి నాన్న సుత్తిలాంటిది ఒకటి చేసివ్వాలి. అంతే కాదు, నాన్న కొట్టినంత వేగంగా అది పనిచేయాలి. లేకపోతే ఎంత మంచి సుత్తి అయినా డెడ్‌లైన్ ముందు అటకెక్కుతుంది.

పోపుల డబ్బా ఎక్కడుంది?

వేగం అనగానే ‘ఇంకా మంచి ప్రాసెసర్ కొనండి’ అంటారు చాలామంది. మేం ముందు కాగితం మీద లెక్క వేశాం. రెండు కోట్ల ముక్కలు, వెయ్యి స్టెప్పులు. అంటే 2 వేల కోట్ల సార్లు ఆరు అంకెలను కలిపి ‘ఈ ముక్క తట్టుకుంటుందా’ అని చెప్పే ఒక్క అంకెగా మార్చాలి. వినడానికి భయంగా ఉంటుంది కానీ, ఇప్పటి ప్రాసెసర్‌లో ఒక్క కోర్‌కే ఇది రెండు మూడు నిమిషాల పని. మరి రాత్రంతా ఎందుకు పడుతోంది? లెక్కకు కాదు, అంకెలు మోసుకురావడానికి.

వంటింట్లో చూడండి. అమ్మ చేతికి అందేంత దూరంలో పోపుల డబ్బా ఉంటుంది. ఆవాలు కావాలంటే చెయ్యి చాపితే చాలు. కందిపప్పు కావాలంటే స్టోర్ రూమ్‌కి వెళ్లాలి. అక్కడా అయిపోతే సందు చివర కిరాణా కొట్టు. ప్రాసెసర్‌కి క్యాష్ పోపుల డబ్బా, ర్యామ్ స్టోర్ రూమ్, డిస్క్ కిరాణా కొట్టు. క్యాష్ నుంచి అంకె రావడానికి ఒక నానోసెకను అనుకుంటే, ర్యామ్ నుంచి దాదాపు వంద. ఎస్‌ఎస్‌డీ నుంచైతే పదుల వేలు. పోపు మాడిపోయేది ఆవాలు వేగడం ఆలస్యమై కాదు, ఆవాల కోసం కొట్టుకు వెళ్లడం వల్ల.

ఇంకో సంగతి. ప్రాసెసర్ ర్యామ్ దగ్గరికి వెళ్తే ఒక్క అంకె పట్టుకుని రాదు. మనం వాడే మామూలు ప్రాసెసర్లలో 64 బైట్లు ఒకేసారి తెస్తుంది. అంటే మన 8 బైట్ల అంకెలు ఎనిమిది. ఆ ఎనిమిదీ వరసగా మనకు పనికొచ్చేవే అయితే లాభం. డేటాను అడ్డదిడ్డంగా పేరిస్తే ఒకటి వాడి ఏడు పారేస్తాం. లెక్క అదే, జవాబు అదే, టైమ్ మాత్రం ఎన్నో రెట్లు.

డిస్క్ మీద కూడా ఇదే గొడవ. వెయ్యి రోజుల పేపర్లు తేదీల వారీగా పేర్చి ఉన్నాయనుకోండి. ‘ఫలానా రోజు వార్తలేంటి’ అంటే ఒక్క పేపర్ తీస్తే చాలు. ‘బంగారం రేటు వెయ్యి రోజులుగా ఎలా మారింది’ అంటే వెయ్యి పేపర్లూ విప్పాలి. ఇంజినీర్‌కి రెండు ప్రశ్నలూ ఉంటాయి. ‘ఈ స్టెప్పులో బ్రాకెట్ అంతా చూపించు’ అంటాడు. ‘ఈ మూల దగ్గర వెయ్యి స్టెప్పులూ చూపించు’ అని కూడా అంటాడు. అందుకని ఫైలు రాసేటప్పుడే కొన్ని ముక్కలు, కొన్ని స్టెప్పులు కలిపి చిన్న కట్టలుగా రాయించాం. హెచ్‌డీఎఫ్5 అనే ఫైల్ ఫార్మాట్‌లో ఈ సదుపాయం ఉంది. ఏ ప్రశ్న అడిగినా కొన్ని కట్టలు విప్పితే సరిపోతుంది.

ఇక పాత టూల్ గరిష్ఠ ఒత్తిడి ఎంతో తెలుసుకోవడానికి ఒకసారి, అది ఏ స్టెప్పులో వచ్చిందో తెలుసుకోవడానికి ఇంకోసారి, శక్తి లెక్కకు మరోసారి మొత్తం ఫైలు చదివేది. మేం అన్నీ ఒక్క చదువులోనే తేల్చేశాం. డేటా వస్తుంటే ఒక్కో ముక్కకు రెండే అంకెలు దగ్గర పెట్టుకుంటాం. ఇప్పటిదాకా వచ్చిన పెద్ద ఒత్తిడి, అది వచ్చిన స్టెప్పు నంబరు. 8 బైట్లు, 4 బైట్లు, మొత్తం 12. రెండు కోట్ల ముక్కలకు 240 ఎంబీ. 960 జీబీ కళ్ల ముందు నుంచి ప్రవహించి వెళ్లిపోతుంది. మన చేతిలో మిగిలేది ఫోన్‌లో పట్టేంత!

గుండిగ దగ్గర ఒకే గరిటె

కోర్లు ఎనిమిది ఉన్నాయి కదా, పని పంచితే ఎనిమిది రెట్లు వేగం వస్తుందా? రాదు. పెళ్లి బంతిలో వడ్డించేవాళ్లు ఇరవై మంది ఉన్నా, గుండిగలోంచి అన్నం తోడే గరిటె ఒకటే అయితే అందరూ బకెట్లు పట్టుకుని అక్కడే నిలబడాలి. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ డిజైనర్ చెప్పింది ఇదే. పనిలో పదో వంతు ఒక్కరే చేయాల్సింది ఉంటే, మిగతాదానికి వెయ్యి మందిని పెట్టినా మొత్తం వేగం పది రెట్లు దాటదు.

మా గరిటె డిస్క్. అందుకని ఒక కట్ట మీద లెక్క జరుగుతుండగానే తర్వాతి కట్ట చదవడం మొదలయ్యేలా చేశాం. సర్వర్‌లోని ఎస్‌ఎస్‌డీ సెకనుకు 3 జీబీ ఇస్తుంది. 960ని 3తో భాగిస్తే 320 సెకన్లు, అంటే ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. ఎవరెంత తలకిందులైనా ఆ డిస్క్ మీద అంతకంటే తగ్గదు. మేం తొమ్మిది నిమిషాల దగ్గర ఆగాం. రాత్రంతా పట్టే పని, టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

748

ఆ బ్రాకెట్ పాత పద్ధతిలో అప్పటికే పాసైంది. కొత్త టూల్ పరీక్షించడానికి మాత్రమే సార్ అదే ఫైలు మళ్లీ పెట్టారు. వెయ్యి స్టెప్పులూ చదివి, అన్నింటికంటే ఎక్కువ ఒత్తిడి వచ్చిన ముక్క, స్టెప్పు స్క్రీన్ మీద చూపించింది. స్టెప్పు 748. ఒత్తిడి హద్దు దాటింది.

సార్ ఏం మాట్లాడలేదు. 740 తెరిచారు, హద్దులోపే ఉంది. 760 తెరిచారు, అదీ హద్దులోపే. ఈ రెండూ ఆయన ఇంతకుముందు చూసిన 50లోనివే. రెండింటి మధ్య దూరం 40 మిల్లీసెకన్లు. బండి గుంత అంచుకు కొట్టుకుని ఎగిరిన కుదుపు ఆ మధ్యలో వచ్చి, ఆ మధ్యలోనే పోయింది.

టూల్‌ని వెంటనే నమ్మలేదాయన. అదే సరైన పద్ధతి. ముడి డేటా తీసి ఆ ఒక్క ముక్కకు చేత్తో లెక్క వేసుకున్నారు. తర్వాత ఆ మూల దగ్గర ఇంకా సన్నటి మెష్‌తో మళ్లీ సిమ్యులేషన్ చేయించారు. అప్పుడూ హద్దు దాటింది. డిజైన్ వెనక్కి వెళ్లింది. లోపలి మూలను ఇంకాస్త గుండ్రంగా చేసి పంపారు. కొంత ఆలస్యమైంది, కొందరికి కోపం కూడా వచ్చింది. పాతదే వెళ్లి ఉంటే రోడ్డు మీద విరిగేదా? ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగే పరిస్థితి రాకుండా చూడటానికే కదా ఇదంతా.

దేని మీద సంతకం పెట్టను?

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. ముక్కలన్నిటి శక్తిని కలిపి మొత్తం చెప్పమంటే, అదే ఫైలుకు ఒక్కోసారి చివరి అంకెలు మారి వస్తున్నాయి. కంప్యూటర్‌లో దశాంశాలకు స్థలం పరిమితం. అందుకే కూడికలో వరస మారితే చివర్లో చిన్న తేడా వస్తుంది. ఎనిమిది కోర్లలో ఏది ముందు పని ముగిస్తుందో ఎవరికి తెలుసు? ఈ స్థలం సంగతి ఎంత విచిత్రమంటే, 32 బిట్ల దశాంశ అంకెల్లో 1,67,77,216కి 1 కలిపితే మళ్లీ 1,67,77,216 వస్తుంది. ఆ ఒకటి మాయం! అందుకే కూడికలన్నీ మేం 64 బిట్లలోనే చేస్తాం. అయినా ఎక్కడో పదో పదకొండో అంకెలో తేడా మిగిలింది.

“అంత చిన్న తేడాతో బ్రాకెట్‌కి ఏం కాదు, వదిలేద్దాం” అన్నాడు నా కొలీగ్. భౌతికంగా అతను చెప్పింది నిజమే. సార్ మాత్రం ఒకటే అడిగారు. “నిన్న వచ్చిన నంబరు ఇవాళ రాలేదమ్మా. రిపోర్ట్‌లో నా సంతకం దేని మీద పెట్టను?”

దానికి మా దగ్గర జవాబు లేదు. ఆయన సంతకం పెట్టాక ఐదేళ్లకు ఎవరైనా అదే ఫైలు తెరిచి అడిగితే అదే అంకె రావాలి. అందుకని ఏ కోర్ ముందు ముగించినా సరే, కూడిక మాత్రం మేం నిర్ణయించిన వరసలోనే జరిగేలా మార్చాం. కోర్లు కాసేపు ఒకదాని కోసం ఒకటి ఆగుతాయి. కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. ఎంతో కష్టపడి తగ్గించుకున్న టైమ్‌లోంచి ఇష్టంగా వదులుకున్న సెకన్లు అవే.

మీకూ ఆసక్తి ఉంటే

దీనికి సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. మన దగ్గర అవి లేవని కాదు. పుణెలోని సీ-డాక్ 1991లోనే పరమ్ 8000 తయారుచేసింది. ఇప్పుడు ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ ఉంది. కానీ మొదలుపెట్టడానికి మీ ల్యాప్‌టాప్ చాలు. పైథాన్‌లో నమ్‌పై తీసుకుని 10 వేల వరసలు, 10 వేల నిలువులు ఉన్న పట్టిక చేయండి. 800 ఎంబీ అవుతుంది. ఒకసారి ఒక్కో అడ్డ వరసా, ఇంకోసారి ఒక్కో నిలువు వరసా తీసుకుని కూడండి. రెండింటికీ టైమ్ కొలవండి. అడ్డంగా వెళ్తే త్వరగా అవుతుంది. ఎందుకో పోపుల డబ్బా దగ్గరికి వెళ్లి ఆలోచించండి. సిమ్యులేషన్ డేటాను బొమ్మలుగా చూడాలంటే పారావ్యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది, తెరిచి చదవచ్చు. ఏం చేసినా ముందు కొలవండి, తర్వాతే కోడ్ మార్చండి. ఆలస్యం ఎక్కడుందో ఊహిస్తే సాధారణంగా ఊహ తప్పుతుంది.

ఇప్పుడు సార్ ఇరవైకి ఒకటి చూడటం మానేశారు. నేను ఎదురుచూడనిది ఇంకోటి జరిగింది. పని త్వరగా అయిపోతే ఆయన త్వరగా ఇంటికి వెళ్తారనుకున్నాను. వెళ్లట్లేదు. మొన్న ఫోన్ చేసి, “తొమ్మిది నిమిషాలే కదమ్మా... ఒక్క గుంతే ఎందుకు, పదిహేను రకాల గుంతల మీద నడిపించి చూద్దామా?” అన్నారు. పదిహేను గుంతలంటే 14 టీబీ పైమాటే. మా సర్వర్‌లో అంత ఖాళీ లేదు. కొత్త డిస్క్‌ల కోసం మెయిల్ పెట్టాను, ఇంకా అప్రూవల్ రాలేదు. ఈలోగా డేటాను చిన్నదిగా కుదించి దాచే దారి వెతుకుతున్నాం, ఏ స్టెప్పూ వదలకుండా.